నలభై మూడు పళ్ళు

పశువుల డాక్టరు ఆ గ్యారేజీలో కాలు పెట్టిన మొదటి రోజే గేర్లమ్మాయి చేత చీవాట్లు తిన్నాడు. తినడా మరి? తనకంటే నాలుగేళ్ళు పెద్దదైన నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే పాత ఫోర్ బై ఫోర్ పికప్‌కి, చూడ్డానికి బాగుంటాయని ఏనుగు పాదాలంత టైర్లు వేయించుకున్నాడు. ఇప్పుడేమో బండి కొండెక్కడం లేదు మొర్రో అంటూ వచ్చాడు.

"టైర్లు మార్చారు, గేర్లు మార్చలేదు. పిల్లాడికి తండ్రి చెప్పులు తొడిగి పరుగెత్తమంటే ఏం పరుగెడతాడు?" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ.

"అందుకేగా వచ్చాను," అని అతను బండి వెనక తలుపు దించి నాలుగు అట్టపెట్టెలు చూపించాడు. గేర్లు, లాకర్లు, హబ్బులు అన్నీ కొనేశాడట. ఏది ముందు బిగించాలో వీడియోలు చూసి కాగితం మీద వరసగా రాసుకొచ్చాడు కూడా.

ఆమె ఆ కాగితం చివరిదాకా చదివి, మడిచి, అతని జేబులోనే పెట్టింది. "నేనూ వీడియోలు చూసి మీ ఆవులకి పురుడు పోస్తాను. ఒప్పుకుంటారా?"

అతను ఒప్పుకోలేదు, నవ్వాడు. చిక్కంతా ఆ నవ్వుతోనే మొదలైంది.

గ్యారేజీ ఆమె తండ్రిది. వెనకవైపు గేర్ల గది ఉంది. తండ్రికి మోకాళ్ళు మొరాయించాయి కాబట్టి ఆ గది కూతురికి అప్పగిద్దామని ఆయన ఆశ. బాబాయికేమో ఆ గదిలో వాటర్ వాష్ పెట్టాలని ఆశ. ఆడపిల్ల రేపో మాపో పెళ్ళయి వెళ్ళిపోతే గేర్లు ఎవరు చూస్తారు, నీళ్ళు కొట్టడానికైతే ఎవడైనా చాలు అని పొద్దున్నా సాయంత్రం అదే పాట. ఇంట్లో రోజూ తగువెందుకని తండ్రి ఒక మాట అనేశాడు. అమ్మాయి ఒంటిచేత్తో ఒక బండి చెయ్యాలి. మూడు నెలల్లో అది తప్పుతో తిరిగొస్తే గది బాబాయిది, రాకపోతే అమ్మాయిది. ఆ బండి కాస్తా ఈ డాక్టరు పికప్ అయింది.

పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆ గదిలోనే పెరిగిన పిల్ల. ఆ గది పోతే తనకి మిగిలేదేమిటో ఆమె ఊహకి కూడా అందదు. అందుకే పని ప్రాణం పెట్టి చేసింది. వెనక ఇరుసు విప్పి లాకరు బిగించింది. బండి వంకర రాళ్ళ మీద ఒక చక్రం గాల్లోకి లేపినప్పుడు బలమంతా ఆ గాల్లో చక్రానికే పోకుండా రెంటినీ ఒకటిగా పట్టి ఉంచేది అదే. ముందు ఇరుసుకీ ఒకటి పెట్టింది. ముందు చక్రాలకి కొత్త హబ్బులు వేసి, వాటి గుండ్రటి మీట తిప్పితే తప్ప ఆ చక్రాలకి ఇంజను బలం అందదని డాక్టరుకి మూడుసార్లు అప్పజెప్పించుకుంది.

ఇక గేర్లు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పళ్ళ లెక్క ఒకటే ఉండాలి. లేకపోతే నాలుగు చక్రాలూ కలిసి తిరిగేటప్పుడు ముందరివి ఒకటంటే వెనకవి ఒకటంటాయి, ఆ ఇంట్లో బాబాయీ తండ్రీ లాగా. వెనకకి కొన్నది కొత్తది, నలభై ఒక్క పళ్ళు. ముందుకి కొన్నది పాతసామాను కొట్టులోది, దాని మీద అంకె అరిగిపోయింది. అలాంటప్పుడు మొదటి పన్నుకి సుద్ద రాసి ఒకసారి ఇటు నుంచీ, ఒకసారి అటు నుంచీ లెక్కపెట్టడం ఆ గది ఆచారం.

ఆ రోజు జోరున వాన. డాక్టరు స్టూలు మీద కూర్చుని, ఒక ఆవు తన స్టెతస్కోపు నమిలేసిన సంగతి చెబుతున్నాడు. రెండో కొస ఇంకా తన చెవుల్లోనే ఉందట. అది నమిలే చప్పుడు లోపల్నుంచి విన్న మొదటి డాక్టరు తనేనట. ఆమె ఇరవై ఆరు దగ్గర నవ్వింది. నవ్వి తలెత్తింది. తలెత్తితే అతను చూస్తున్నాడు. మళ్ళీ తల దించి లెక్క అందుకుంది, నలభై ఒకటి వచ్చింది. అటు నుంచి లెక్కపెట్టడం మాత్రం మరిచేపోయింది.

ముంగిట్లో అంతా బురద. ఆ బురదలో ముందుకీ వెనక్కీ నడిపి చూస్తే బండి వెన్నలా పోయింది. తండ్రి మెచ్చుకున్నాడు, బాబాయి పెదవి విరిచాడు.

నాలుగో రోజే డాక్టరు తిరిగొచ్చాడు. ఎడమవైపు ఏదో మూలుగుతోందట. ఆమె చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. తీరా చూస్తే టైరు గాడిలో గులకరాయి. తర్వాతి వారం వెనక టకటక అన్నాడు. పరికరాల పెట్టెలో ఒక స్పానరు వదులుగా దొర్లుతోంది. మూడోసారి ఏదో వాసన అన్నాడు. వచ్చిన ప్రతిసారీ రెండు టీలు తాగి, ఒక ఆవు సంగతి చెప్పి, వెళ్ళలేక వెళ్ళలేక వెళ్ళేవాడు. నిజం చెప్పొద్దూ, ఆమెకీ బాగానే ఉండేది.

బాగుండనిది బాబాయి వేళ్ళ లెక్క. "మూడుసార్లు వచ్చింది అన్నయ్యా బండి," అని తండ్రి ముందు మూడు వేళ్ళు ఆడించి, గేర్ల గదిలో నీళ్ళ పైపు ఎటు నుంచి లాగాలో కొలుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె డాక్టరుని గేటు బయట నిలబెట్టి కడిగేసింది. అతనికి పందెం సంగతి అప్పటిదాకా తెలియదు. "మీకు ఆటగా ఉంది. నాకు ఆ గది పోతుంది," అంది. ఇక ఏ వంకతోనూ రానని మాటిచ్చి వెళ్ళిపోయాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. రెండు వారాలు జాడ లేదు. రావద్దని తిట్టిందీ తనే, గేటు చప్పుడైతే తల తిప్పిందీ తనే. ఈ మనసు సంగతి ఏ మెకానిక్కుకి చూపించాలో ఆమెకి తెలియలేదు.

అంతలో పాలవ్యాను రిపేరుకి వచ్చిన డ్రైవరు ఒక మాట అన్నాడు. పశువుల డాక్టరు రోజూ బండి కొండ కింద ఆపేసి, సంచీ భుజాన వేసుకుని పైదాకా నడిచి వస్తున్నాడట, పాపం. ఆమె స్పానరు కింద పెట్టి, రెండు జాకీలు స్కూటరుకి కట్టుకుని బయలుదేరింది.

పికప్ నిజంగానే కొండ కిందే ఉంది. డాక్టరు చెమటలు కక్కుతూ దిగి వచ్చి, ఆమెని చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. బండికేమీ కాలేదని, నడక ఒంటికి మంచిదని, కొండ గాలి ఇంకా మంచిదని చెప్పుకొచ్చాడు. ఆమె ఒక్క ముక్క నమ్మలేదు. తాళం లాక్కుని, రెండు హబ్బులూ తిప్పి, నాలుగు చక్రాల్లో వేసి పొడి రాతిదారి మీద ఇరవై గజాలు నడిపింది. బండి కుందేలులా గెంతింది. స్టీరింగు బిగుసుకుంది. నాలుగు చక్రాల గేరు మీట వెనక్కి తియ్యబోతే రానంది. ఆ రోజు బురదలో జారి తప్పు దాచేసిన చక్రాలు, పొడి రాయి మీద జారే వీల్లేక పట్టుబడ్డాయి.

ఆమె కిందికి దిగి, ముందు ఇరుసు జాకీల మీద లేపి, లాకరు వేసి, డాక్టరుని బండి కిందకి దూరమంది. తను చక్రాన్ని సరిగ్గా పది చుట్లు తిప్పుతుంది, పైన ఇరుసుని తిప్పే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అతను పైకి లెక్కపెట్టాలి. ఆ షాఫ్టు చివర పెద్ద గేరుని తిప్పేది పది పళ్ళ చిన్న గేరు కాబట్టి ఎన్ని చుట్లో అన్ని పళ్ళు. దుమ్ములో వెల్లకిలా పడుకుని అతను లెక్కపెట్టాడు. నలభై ఒకటి దగ్గర ఆగలేదు.

"నలభై మూడు," అన్నాడు కింద నుంచి, మెల్లగా.

ఆమె చక్రానికి ఆనుకుని కూలబడింది. వాన రోజు ఇరవై ఆరు దగ్గర ఏం జరిగిందో కళ్ళకి కట్టింది. "మీకు ముందే తెలుసు కదూ?"

"ఏదో తప్పని తెలుసు. మూడుసార్లు అబద్ధం చెప్పి వచ్చాను. నాలుగోసారి నిజం చెబితే మీ గది పోతుంది." అతను దుమ్ము దులుపుకుంటూ పక్కన కూర్చున్నాడు. "గేర్లు ఇంకో సెట్టు తెప్పిస్తాను. ఎవరూ లేనప్పుడు మార్చేద్దాం. మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు."

చాలా తేలికైన దారి. ఆమె నిజంగానే ఆలోచించింది, అందులో దాపరికం లేదు. తర్వాత లేచి, బండి కిందికి దించి, హబ్బులు వెనక్కి తిప్పి, "బండి గ్యారేజీకి పోనివ్వండి," అంది.

తండ్రి కుర్చీలో ఉన్నాడు, బాబాయి పక్కనే ఉన్నాడు. ఆమె ఏమీ దాచలేదు. నలభై మూడు పళ్ళని నలభై ఒకటిగా లెక్కపెట్టానని, రెండోసారి చూడలేదని, తప్పంతా తనదేనని చెప్పింది. డాక్టరు అడ్డుపడి, ఆ పాత గేరు కొన్నది తనేనని, లెక్కపెడుతుంటే వాగింది కూడా తనేనని అన్నాడు.

"నాలుగు!" బాబాయి వేళ్ళు లేచాయి. "తిరిగొచ్చింది కదా అన్నయ్యా. ఇక గది నాకు ఇచ్చెయ్."

తండ్రి కూతురి మోచేతుల దాకా ఉన్న దుమ్ము చూశాడు. "బండి తనంతట తిరిగి రాలేదురా. అతను చచ్చినా తెచ్చేవాడు కాదు. అమ్మాయే కొండదాకా వెళ్ళి తన తప్పుని తనే పట్టుకొచ్చింది. అలాంటిదాన్ని గేర్ల గదిలో కాక ఎక్కడ కూర్చోబెట్టను? నువ్వు నీళ్ళ పైపు ముందువైపుకి లాక్కో."

ఆమెకి కళ్ళు నిండిపోయాయి. బాబాయి తగువు పెట్టుకోకుండా పైపు కొలతకి ముందువైపుకి నడిచాడు, అది ఆ ఇంట్లో వింతే.

"అంతా బాగానే ఉంది గానీ," అన్నాడు తండ్రి కళ్ళజోడు సర్దుకుంటూ, "ఇన్నేళ్ళలో నీ లెక్క ఒక్క పన్ను తప్పగా నేను చూడలేదు తల్లీ. ఆ ఆవు కథ అంత బాగుందా?"

డాక్టరు నేల చూపులు చూశాడు. ఆమె ఒకసారి అతన్ని, ఒకసారి తండ్రిని చూసింది. ఒక నిజం చెప్పాక రెండోది చెప్పడం అంత కష్టం కాదు.

"కథ ఏం బాగాలేదు నాన్నా. చెప్పే మనిషి బాగున్నాడు."

డాక్టరు చెవులు ఎర్రగా అయిపోయాయి. తండ్రి పక్కనున్న స్టూలుని కాలితో అతని వైపు జరిపాడు.

"కూర్చో బాబూ. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరెవరు ఉన్నారు?"