సోనీ నిలబడ్డ గడప

“ఆ ఫోను ఇటియ్యి అంటున్ననా లేదా! అన్నం మాడి ఇల్లంత పొగ... నీకు సోయి ఉన్నదానే?”

కైలాసం కేకకు ఫలక్‌నుమా గల్లీ అంతా అదిరిపడింది. ఆ కేకకు స్టేషన్లో నిలబడ్డ రైలు కూడా గజం దూరం వెనక్కి జరిగిందని పొరుగింటి సురయ్యా తర్వాత అందరికీ ఒట్టేసి మరీ చెప్పింది! ఆయన భార్య యశోద మాత్రం కదల్లేదు. పొయ్యి ముందు కూచుని ఫోను తెర మీద వేలు జరుపుతూనే ఉంది. వీధులన్నీ ఫొటోలుగా చూపించే మ్యాపులో స్టేషన్ మెట్లు దిగింది... పాలబూత్ దాటింది... తమ గల్లీలోకి మళ్ళింది. అదిగో ఆకుపచ్చ తలుపు! గడపలో పసుపు చున్నీ వేసుకుని, తలుపు రెక్కకు ఒరిగి నిలబడ్డ తన సోనీ! మ్యాపువాళ్ళు అందరికీ చేసినట్టే ఆ పిల్ల మొహాన్నీ మసక చేసేశారు. అయితేనేం! కన్నతల్లికి మొహమే కావాలా? ఆ ఒరిగిన తీరు చాలదూ!

మూడేళ్ళ కిందట మ్యాపు కోసం ఫొటోలు తీసే కెమెరా కారొకటి గల్లీలోకి వచ్చినప్పుడు సోనీ అలా నిలబడి చూసింది. ఆ వానాకాలమే విషజ్వరం వచ్చి, పంతొమ్మిదేళ్ళ పిల్లను ఎత్తుకుపోయింది...

సోనీ ఉన్న రోజుల్లో ఆ ఇల్లు ఇలా ఉండేదా! సాయంత్రం కాగానే “ఇయ్యాల యాడికి పోదమే అమ్మా?” అంటూ ఫోను పట్టుకుని ఒళ్ళో వాలేది. తల్లీకూతుళ్ళు కూచున్నచోటు నుంచి లేవకుండా ఆ మ్యాపులోనే ఎన్ని దేశాలు తిరిగారో! మంచుకొండలకు పోయే రోజున మండుటెండల్లో కూడా ఇద్దరూ ఒకే చద్దరు కప్పుకునేవారు. మర్నాడు నల్లా దగ్గర యశోద గొప్పలు వినాలి! “మస్తు సలి తల్లీ! నా మాటలు నోట్లనే గడ్డకట్టినయ్. ఇంటికొచ్చి పొయ్యి కాడ కూసుంటే ఒక్కొక్కటే కరిగి బయటకొచ్చినయ్!” అంటే ఆడవాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వేవారు. అలాంటి యశోదకు ఇప్పుడు లోకమంటే ఒక్కటే దారి... స్టేషన్ నుంచి తన గడప దాకా!

“ఫొటో తీసి గోడకు కట్టిస్త అంటే వద్దంటివి,” కైలాసం గొంతు తగ్గింది.

“ఫొటోకు బాట ఉంటదా అయ్యా? ఈ మ్యాపులైతే నేను నడుసుకుంట వస్త. నా బిడ్డ నా కోసం ఎదురు చూస్తుంటది...”

కైలాసం మాడిన అన్నం గిన్నెను పొయ్యి మీంచి దించాడు. టెంట్ హౌస్‌లో షామియానాలు కట్టే మొరటు మనిషి. కూతురు పోయిన్నాటి నుంచి ఆమె పేరు కూడా ఎత్తలేదు. ఈ మనిషిది గుండెనా, బండరాయా అని యశోద ఎన్ని రాత్రులు కుమిలిపోయిందో!

అంతలో సురయ్యా పరిగెత్తుకొచ్చింది. “అరే యశోదా! కెమెరా కారు మళ్ళ వచ్చింది. నిన్న హుస్సేనీ ఆలంల తిరిగిందంట. రేపు మన దిక్కేనంట!”

యశోద నెత్తిన పిడుగు పడింది! కొత్త ఫొటో పడితే గడప ఖాళీ... ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పిల్ల ఇంక ఎదురుచూడదు! “నా బిడ్డ రెండోసారి పోతదా సురయ్యా ఆపా!” అని గోడకు తల బాదుకుంది. కైలాసం చెప్పులు వేసుకుని బయటకు వెళ్ళిపోయాడు.

తెల్లవారి యశోద తలుపు తీసి చూసింది. గల్లీ మొదట్లో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఏనుగు కూడా దూరలేనంత షామియానా! కైలాసం చివరి తాడు బిగిస్తూ, తల తిప్పకుండానే అన్నాడు.

“కారు కాదు, కారు తాత కూడా రాడు. నీ బిడ్డకేం కాదు పో.”

నీ బిడ్డ... ఆ గొంతు వణికింది! ఈయన కూడా చాటుగా ఏడుస్తూనే ఉన్నాడని యశోదకు అప్పుడు తెలిసింది.

పది దాటగానే కెమెరా కారు రానే వచ్చి, షామియానా ముందు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే సురయ్యా ఇంట్లోంచి కేకలు! పురిటికి పుట్టింటికొచ్చిన ఆమె కూతురు యాస్మీన్‌కు నొప్పులు మొదలయ్యాయి. సోనీతో కలిసి ఒకే కంచంలో తిన్న పిల్ల! పిలిపించిన అంబులెన్స్ షామియానాకు అటు నిలిచిపోయింది. యాస్మీన్ ఇటు గడపలో కూలబడింది. “ఖాలా... నడవలేను ఖాలా...” అంటూ యశోద చెయ్యి పట్టుకుంది.

యశోద ఒక్క క్షణం తన ఆకుపచ్చ తలుపు వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. పరిగెత్తుకెళ్ళి తాడు ముడి మీద చెయ్యి వేసింది.

“ఏమే! ఇప్పితే ఆ కారు గూడ లోపలికొస్తదే!”

“రానియ్యయ్యా! నా బిడ్డను సూసుకునేటందుకు ఇంకో తల్లి బిడ్డను సంపుకుంటనా? ఇప్పు... నీకు దండం పెడ్త, ఇప్పు!”

కైలాసం తాడు లాగేశాడు. షామియానా కుప్పకూలింది. అంబులెన్స్ వచ్చి యాస్మీన్‌ను తీసుకెళ్ళింది. ఆ వెనకే కెమెరా కారు మెల్లగా లోపలికి వచ్చింది. యశోద వెళ్ళి, సోనీ నిలబడ్డ గడపలో నిలబడింది. కైలాసం కూడా వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి కళ్ళలోనూ ధారలు...

కొన్ని నెలలు గడిచాయి. యాస్మీన్ కూతురు యశోద ఒళ్ళోనే పెరుగుతోంది. ఒక సాయంత్రం “ఖాలా, మ్యాపుల కొత్త ఫొటో పడ్డది” అని యాస్మీన్ మెల్లగా చెప్పి, పాపను ఎత్తుకుని వెళ్ళింది. యశోద మొహం తిప్పేసుకుంది. కైలాసమే ఫోను అందుకుని, మొరటు వేలితో స్టేషన్ మెట్లు దిగాడు... పాలబూత్ దాటాడు... గల్లీలోకి మళ్ళాడు.

ఆకుపచ్చ తలుపు. గడపలో ఇద్దరు మనుషులు. మొహాలు మసక. ఏడ్చారని ఎవరికీ తెలియదు!

“అరె... మన నడుమ ఇంత జాగ ఎందుకిడిసినవే?”

“నేనెక్కడిడిసిన? నువ్వే అటు జరిగి నిలబడ్డవ్...”

ఇద్దరూ ఆ ఖాళీని చూశారు. సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఉంది. తలుపు రెక్కకు ఒరిగి ఒక పిల్ల నిలబడేంత...

కైలాసం ఫోను ఇద్దరి మధ్యకు జరిపాడు. “ఇయ్యాల... యాడికి పోదమే?”

మూడేళ్ళు దాటాక ఆ ఇంట్లో వినబడిన మాట! యశోద వెక్కుతూనే అంది, “మంచుకొండలకు.”

కైలాసం లేచి వెళ్ళి, పెట్టెలోంచి చద్దరు తెచ్చాడు.