నిజపూరణి

2087 నాటికి విశాఖపట్నంలో ఐసీయూకి వెళ్ళిన మనిషి ప్రాణం పోవడం అరుదైపోయింది. బతికొచ్చినవాళ్ళు మళ్ళీ మామూలు మనుషులు కావడమే గగనంగా ఉండేది. మత్తుమందుల మసకలో కన్న పీడకలలు ఇంటికొచ్చాక కూడా వాళ్ళను వదిలేవి కావు. అందుకే ప్రతి ఆసుపత్రికీ, ఇంటికెళ్ళినవాళ్ళను మళ్ళీ పరీక్షించే ఒక మలిచూపు కేంద్రం, అందులో నిజపూరణి అనే యంత్రం ఉండేవి. అది మెదడులోని పీడకలను వెతికి తుడిచేసి, మంచం చుట్టూ ఉన్న సెన్సర్లు రికార్డు చేసిన అసలు సంగతుల్ని ఆ ఖాళీలో నింపేది. అబద్ధం నింపడం దానికి చేతకాదు.

ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ సుధన్వకు నిద్రలేదు. నీళ్ళ చప్పుడు వింటే వణికిపోయేవాడు.

"ఉండనీ హిమా, అదే అలవాటైపోద్ది" అన్నాడు.

"సగమైపోయారు. నా మాట విని ఒక్కసారి రండి" అని భార్య హిమజ బతిమాలింది.

ఆమెకూ ఒక భయం ఉంది. ఐసీయూలో గొట్టాల మధ్య భర్తను ఒక్కసారి చూసి బయటికొచ్చేసి, మళ్ళీ లోపలికి అడుగుపెట్టలేకపోయింది. లిఫ్టు పక్కన కుర్చీలోనే కూర్చుండిపోయింది. స్పృహ వచ్చాక అతను "నా పక్కనే ఉన్నావు కదూ" అంటే తలూపింది. ఆ స్థితిలో ఏ ఇల్లాలు మాత్రం కాదంటుంది?

"పక్కన ఎవరున్నారో కూడా చూపిస్తుందా, డాక్టరుగారూ?" అని మలిచూపు కేంద్రంలో గొంతు తగ్గించి అడిగింది.

"భయపెట్టే కలనే తీస్తుందమ్మా. మంచి జ్ఞాపకాల జోలికి పోదు" అంది డాక్టర్ నస్రీన్.

హిమజ మనసు కుదుటపడింది. కొరివితో తల గోక్కుంటున్నానని ఆమెకు తెలియదు.

చికిత్స ముగిశాక సుధన్వ స్థిమితంగా లేచాడు. ఇంటికొచ్చి, తనంతట తానే స్నానం చేసి, భోంచేశాడు. హిమజకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇంతకీ ఆ కలలో ఏముండేదండీ?"

"మునిగిపోతున్న రైలుపెట్టె. ఎవరో నా గొంతులో ఇసుక పోసేవారు. కిటికీలోంచి నువ్వు నా మణికట్టు పట్టుకుని ఉండేదానివి. ఎంత గుంజుకున్నా వదిలేదానివి కాదు. అలా ఉండేదని నాకు గుర్తుంది, అంతే. ఇప్పుడు ఆ చెయ్యి తగలట్లేదు."

"మరి ఇప్పుడు?"

"మంచం, నర్సులు. గొట్టాలు పీకేసుకుంటానని నా మణికట్టును పట్టీతో మంచానికి కట్టేశారు. నువ్వు లేవు."

ఆ మాటలో కోపం లేకపోవడం ఆమెను మరీ కుంగదీసింది. "భయమేసిందండీ. మిమ్మల్నలా చూడలేకపోయాను" అని భోరుమంది. వెంటనే నస్రీన్‌కు ఫోన్ చేసింది. "ఆయన కల ఆయనకిచ్చేయండమ్మా!"

"తుడిచేసింది ఇంకెక్కడా ఉండదమ్మా" అంది నస్రీన్.

హిమజ వచ్చి భర్త మణికట్టు గట్టిగా పట్టుకుంది. అతను కాసేపు ఓపికపట్టి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"హిమా, ఆసుపత్రివాళ్ళు ఆ పట్టీ ఇస్తారేమో కనుక్కుంటావా?"