గిట్ల అడిగితే చెప్ప

బయట బోర్డు సాఫ్ట్‌వేర్ కంపెనీది. లోపల నడిచేది కౌంటర్ ఇంటెలిజెన్స్. 1999లో సికింద్రాబాద్‌లో ఏ గదికి కంప్యూటర్ బోర్డు తగిలించినా అనుమానించే నాథుడు లేడు.

"ఇదే నీకు లాస్ట్ ఛాన్స్," అంటూ చీఫ్ జీవరాజు ఏజెంట్ సూరి చేతిలో ఒక సీడీ పెట్టాడు. అందులో ఉన్నది సరిహద్దు దళాల రేడియో సంకేతాల కీ. బోయిన్‌పల్లి మార్కెట్లో కొరియర్ జకర్యాకి అందజేయాలి. విదేశీ ముఠాకి చిక్కిందా, మన జవాన్ల మాటలన్నీ శత్రువు చెవిలో పడతాయి. సూరి ఉద్యోగమూ ఊడుతుంది.

సూరి, జకర్యా ఎప్పుడూ ఎదురుపడలేదు. కోడ్ వర్డ్‌ను జకర్యా స్పీకర్ ఫోన్లో చీఫ్‌కీ సూరికీ మాత్రమే చెప్పాడు. సూరి "టమాటా ఎట్లిస్తున్నరు?" అనాలి, జవాబు "గిట్ల అడిగితే చెప్ప" అని రావాలి. కోస్తా నుంచి వచ్చిన చీఫ్‌గారు ఆ తెలంగాణ భాషకి మొహం చిట్లించాడు.

సూరి నేరాలు చాలానే ఉన్నాయి. ఎవరి కళ్ళలోకీ చూడడు. బాస్ జోకులకు నవ్వడు. "రెండు నిమిషాల్లో వస్తా" అన్నవాళ్ళు మూడో నిమిషానికీ రాకపోతే వెతకడానికి బయలుదేరతాడు. బెలూన్లు ఊదించి టీమ్ స్పిరిట్ నేర్పే మహానుభావులు అతనికి సున్నా వేశారు. ఫస్ట్ మార్కు లీలాకుమారిది. ఆఫీసంతా ఆమె నవ్వుకి పడి చస్తుంది, ఆమె చీఫ్ ఏమన్నా "ఎగ్జాక్ట్‌లీ సర్" అంటుంది. ఇంతకన్నా తెలివి ఆ ఆఫీసులో ఎవరూ ఆశించలేదు.

మార్కెట్లో నేతచీర కట్టి, నెత్తిన గంప పెట్టుకున్న ఒక ఆడమనిషి సూరి పక్కకొచ్చింది. సూరి మొహం చూడకుండానే తన ప్రశ్న అడిగాడు.

"ఇలా అడిగితే చెప్పను."

"తప్పు," అన్నాడు సూరి.

ఆమె గంప దించి నవ్వింది. లీలాకుమారి. జకర్యాకి జ్వరమట, కోడ్ చెప్పి తననే పంపాడట. "అర్థం ఒకటే కదా సూరీ. కొంచెం అడ్జస్ట్ అవ్వు."

సూరికి ఒళ్ళు మండింది. లోకమంతా అర్థం వింటుంది, అతను మాట వింటాడు. సెల్‌ఫోన్ తీసి చీఫ్‌కి విషయం చెప్పాడు. ఒక్క ముక్క తేడాకి ఇంత రభసేమిటని చీఫ్ విసుక్కున్నాడు. సీడీ ఆమెకి ఇవ్వమన్నాడు, లేదంటే ఇంటికి పొమ్మన్నాడు.

"జకర్యా అయితే 'గిట్ల' అంటాడండి. 'ఇలా' అనీది మీరే. ఆవిడికి మీరెప్పుడు సెప్పేరు?"

చీఫ్ గొంతు తగ్గించాడు. "నిన్న డిన్నర్లో... మాటల్లో మాటగా..."

అప్పటికే లీలాకుమారి లిప్‌స్టిక్ మూత తీసింది. అందులోని విషపు సూది సూరి మెడకి బెత్తెడు దూరంలో ఉండగా, సూరి పక్కనున్న టమాటా పెట్టెల వరసని భుజంతో తోశాడు. పెట్టెలన్నీ ఆమె మీద కూలాయి. లేచి పారిపోబోతే హమాలీలు పట్టుకున్నారు. దేశభక్తి కాదు, సరుకు నలిగిందన్న కోపం.

లీలాకుమారి నోరు విప్పాక, సాయంత్రానికి యాప్రాల్‌లో సగం కట్టిన ఇంట్లో జకర్యా దొరికాడు, కాళ్ళూ చేతులూ కట్టేసి ఉన్నాయి, ప్రాణం ఉంది. సూరి ఎదురుగా నిలబడి టమాటా ధర అడిగాడు. నోటి గుడ్డ తీయించుకుని, "గిట్ల అడిగితే చెప్ప," అన్నాడు జకర్యా. సీడీ అప్పుడు చేయి మారింది.

జీవరాజుని ఆ కుర్చీలోంచి లేపి ట్రైనింగ్ విభాగానికి పంపారు. కొత్త ఏజెంట్లకి కమ్యూనికేషన్ స్కిల్స్ ఆయనే నేర్పుతున్నాడు.