చెన్నాచారి చూసిన గుండె

దుర్గిలో పొద్దున్నే ఉలి చప్పుడు వినిపించకపోతే చెన్నాచారి ఇంట్లో ఎవరికీ తెల్లవారినట్టుండదు. ఆ రోజు కూడా ఆయన ఆరింటికే పందిట్లో అమ్మవారి విగ్రహం ముందు కూర్చున్నాడు. వంటింట్లో కోడలు భార్గవి అవిసె గింజలు వేయిస్తుంటే, భార్య ఈశ్వరమ్మ గుమ్మంలో కూర్చుని ఆ వాసనకే ముక్కు చిట్లిస్తోంది.

మూడు నెలల కిందట ఛాతీ పట్టేసినట్టుందంటే ఆయన్ని నరసరావుపేట తీసుకెళ్లారు. బీపీ, కొవ్వు రెండూ ఎక్కువగా ఉన్నాయని, ఇలాగే ఉంటే గుండెకు ముప్పని డాక్టరమ్మ చెప్పింది. రోజూ రెండు బిళ్ళలు రాసింది, తిండి మార్చమంది. ఆ రెండో మాట భార్గవికి వేదవాక్కయింది. ఈశ్వరమ్మ ఆవకాయ జాడీ అటకెక్కింది. అవిసె పొడి, ఉసిరి రసం, రాగి సంకటి వచ్చాయి. వాటిలో ఉండే యాంటీఆక్సిడెంట్లంటే ఏమిటో మామగారికి అర్థమయ్యేలా చెప్పింది కూడా.

"ఉలికి తుప్పు పట్టకుండా నూనె రాస్తారు కదా మామయ్యా. ఇయ్యి రక్తనాళాలకి అట్లాంటియ్యి."

ఆ మాట ఆయనకు ఎంత బాగా అర్థమైందో ఆ పొద్దునే బయటపడింది. ఉసిరి రసం ఇవ్వడానికి పందిట్లోకి వెళ్లిన భార్గవికి ఉలుల పెట్టెలో బిళ్ళల అట్టలు కనిపించాయి. ఒక్కటీ చింపలేదు.

"అత్తయ్యా, బిళ్ళలియ్యడం మీ వంతు కదా. ఇన్నాళ్లూ ఏం చేస్తన్నారు?"

"నా వంట పనికిరాదంటివి. ఇంక నాకు వంతులేందమ్మాయ్?"

"ఇద్దరూ ఆపండి. నేనే మానేశా," అన్నాడు చెన్నాచారి. "విగ్రహానికి మొహం మొదలెట్టాక కళ్లు చెక్కి తెరిచేదాకా ఇంట్లో వండింది తప్ప బయటి వస్తువు నోట్లో పెట్టం. మా తాతల నాటి నుంచీ అంతే. అయినా తుప్పు పట్టదని నువ్వేగా అన్నావు. పెట్టిందల్లా తింటన్నా కదా, ఇంక బిళ్ళలెందుకు?"

భార్గవి ఉసిరి రసం గ్లాసు కింద పెట్టేసింది. తప్పు తన నోటితోనే జరిగింది.

"మామయ్యా, చెప్పులేసుకోండి. పేట పోదాం."

"పని మధ్యలోనా?"

"మీకేమన్నా అయితే ఆ కళ్లు ఎవరు తెరుస్తారు?"

బీపీ చూసిన డాక్టరమ్మ మొహం మారింది. గుండె స్కానింగు, ఎకో తీయాలంది. గదిలో లైటు తీసేసి, తెరను ఆయన వైపు తిప్పింది. బూడిద రంగు చీకట్లో రెండు పల్చటి రేకులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రాతిని పల్చగా చెక్కడంలో నలభై ఏళ్లుగా పేరున్న మనిషి ఊపిరి బిగబట్టాడు.

"అదేంది తల్లీ?"

"మీ గుండె కవాటం."

"ఎప్పట్నుంచి ఇట్టా ఆడతంది?"

"మీ అమ్మ కడుపులో ఉన్నప్పట్నుంచి."

"ఒక్క పూటన్నా ఆగలా?"

"ఆగితే మనం మాట్లాడుకునేవాళ్లం కాదు."

చెన్నాచారి కళ్లు నిండాయి. "నడుం నొప్పెడితే నేను ఉలి పక్కన పెడతా. రాయి ఎన్నాళ్లైనా కూర్చునుంటది. ఇదేమో అరవై రెండేళ్లు... ఇంత పల్చగా ఎవరు చెక్కారమ్మా?"

డాక్టరమ్మ లైటు వేసింది. "గుండె ఇంకా దెబ్బ తినలేదు. ఉలికి నూనె సంగతి మీ కోడలు చెప్పింది. ఆమె వంట మంచిదే, మానొద్దు. కానీ మొన పోయిన ఉలికి నూనె చాలుద్దా?"

"చాలదు. కొలిమిలో పెట్టి సాగగొట్టాలి."

"ఆ పని బిళ్ళలది."

బయట బెంచీ మీద, వెంట వచ్చిన ఈశ్వరమ్మ పక్కన కూర్చుని భార్గవి ఏడుస్తోంది. "నా వల్లే అత్తయ్యా. తిండి సంగతి చెప్పా, బిళ్ళలు మానొద్దని చెప్పలా. పైగా మిమ్మల్ని అన్నా."

"ఆయన మానేసింది నాకు తెలుసు," అంది ఈశ్వరమ్మ. "నీ వంటతో తగ్గలేదని తేలితే నా జాడీ కిందికి దిగుద్దనుకున్నా. చూస్తా ఊరుకున్నానే." ఆ మాట అన్నాక ఆవిడకీ ఏడుపు ఆగలేదు. భార్గవి ఆమె చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

మర్నాడు పొద్దున పందిట్లో ఈశ్వరమ్మ అరచేతిలో బిళ్ళ పెట్టుకుని నిలబడింది. పక్కన భార్గవి రాగి జావ గ్లాసుతో ఉంది. విగ్రహానికి కళ్లింకా తెరవలేదు.

"మరి మీ తాతల ఆచారం?" అని మెల్లగా అడిగింది ఈశ్వరమ్మ.

చెన్నాచారి బిళ్ళ అందుకుని మింగాడు. "లోపల పనిచేసేవాడు ఒక్క పూటన్నా ఉలి దించలేదే. ఆయనకి పెట్టేది బయటి వస్తువెట్టా అవుద్ది?"

జావ తాగి, ఉలి తీసుకున్నాడు. మొదటి దెబ్బ వేసే ముందు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ గుండె చప్పుడు ఆయన చేతికి అందేదాకా ఆడవాళ్లిద్దరూ కదలకుండా నిలబడ్డారు.