వ్రతంలో నిద్రపోయిన కోడలు

సత్యనారాయణ వ్రతకథ మూడో అధ్యాయంలో, పీటల మీద కూర్చున్న హైమ గురక పెట్టింది. వచ్చిన నలభైమందీ విన్నారు! పురోహితుడు చదవడం ఆపేశాడు. భర్త విష్ణు తట్టి లేపేసరికి ఆమె చేతిలోని అక్షతలన్నీ నేలపాలయ్యాయి...

"కథ వింటూ నిద్రపోయావా? నా కొడుక్కి ఏం మూడుతుందో ఏమో" అంటూ అత్తగారు వరహాలక్ష్మి అందరి ముందూ కళ్ళొత్తుకుంది.

అంతే! ఆనాటి నుంచి కొవ్వూరులోని ఆ ఇంట్లో విష్ణుకు జలుబు చేసినా, మోటారు కాలిపోయినా హైమ నిద్రే కారణం. పాపం, ఆమె కావాలని పడుకుందా? రాత్రంతా పడుకున్నా పొద్దున్నే తలంతా దిమ్ముగా ఉండేది. స్కూల్లో లెక్కలు చెబుతూ బోర్డు దగ్గరే తూలేది. ఓ రోజు పొయ్యి మీద పాలు పెట్టి కునుకు తీసింది. పాలు పొంగి, మంట ఆరి, ఇల్లంతా గ్యాసు నిండిపోయింది. ఆ మర్నాడే ఎవరినీ అడక్కుండా రాజమండ్రి బస్సెక్కింది.

"నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకి ముప్పైసార్లు మీ ఊపిరి ఆగుతోందమ్మా" అన్నాడు డాక్టరు, పరీక్ష చేయించాక. "వదిలేస్తే గుండెకి ముప్పు. ఈ మిషను మాస్కు పెట్టుకుని పడుకుంటే గాలి దారి మూసుకుపోదు."

తనది బద్ధకం కాదని తెలిసి హైమ అక్కడే భోరుమంది.

నెల తిరిగేసరికి ద్రాక్షారామంలో ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షను వచ్చింది.

"ఆ గొట్టాలు ఇంట్లో పెట్టి రా. నలుగురిలో పరువు పోతుంది. రెండ్రోజులు ఓర్చుకోలేవా?" అంది వరహాలక్ష్మి.

"ఊపిరాడకుండా ఎలా ఓర్చుకోమంటారు అత్తయ్యగారూ? మిషను వస్తేనే నేనొస్తాను."

వచ్చింది కూడా! భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా చాపల మీద నడుం వాల్చిన హాల్లోనే, అందరూ చూస్తుండగా మాస్కు తగిలించుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వుకోండి పిన్నిగారూ, నేను పడుకుంటాను" అని కళ్ళు మూసుకుంది.

లేచేసరికి హాలు ఖాళీ. పక్కన వరహాలక్ష్మి ఒక్కతే కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రగా...

"మీ మామగారూ నీలాగే గురక పెట్టేవారే. మధ్యలో చప్పుడు ఆగిపోయి, మళ్ళీ ఉలిక్కిపడి ఊపిరి తీసేవారు. ఎంత హాయిగా నిద్రపోతున్నారో అని మురిసిపోయేదాన్ని. ఓ తెల్లవారుజామున మరి లేవలేదు..."

హైమ ఆమె చేతులు పట్టుకుంది.

"మీకు తెలియదు కదా అత్తయ్యగారూ."

"నాకు తెలియదు, సరే. తెలుసుకుని వచ్చిన నిన్ను మిషను వద్దని, నీ ఊపిరి కూడా ఆపబోయానే తల్లీ" అంది వరహాలక్ష్మి.