కంప్యూటరుకు కుట్టిన చొక్కా

పొద్దున ఎనిమిదింటికే ముందుగదిలో తల్లి కుట్టుమిషను మొదలైంది. దానికి మూడడుగుల దూరంలో కూతురు కంప్యూటరు ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. డ్యూటీ లేని రోజు కావడంతో తండ్రి కిటికీ పక్కన పేపరు పరుచుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజున కుర్చీలోంచి లేవడమంటే ఆయనకు మహా బద్ధకం.

"అమ్మా, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లవా?" అడిగింది కూతురు.

"వాళ్లే వచ్చి తీసుకెళ్తామన్నారు. ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే."

అలా అడగడం ఇది మూడోసారి. తల్లికి చివుక్కుమంది. నేను గడప దాటితే గానీ దీనికి ఊపిరాడేలా లేదు అనుకుంటూ సూదిలో దారం ఎక్కించింది.

కూతురు ఐదుగురు పిల్లల జట్టులో ఉండి కంప్యూటరులో పోటీల ఆట ఆడుతుంది. ఆ ఆటలంటే తల్లికి మొదట్లో మంటే. కానీ పిల్ల పట్టుదల చూసి మెల్లగా దారికొచ్చింది. వచ్చి ఊరుకోలేదు. దుమ్ము పడుతుందని సీపీయూ పెట్టెకు చక్కటి తొడుగు కుట్టింది. లోపల అస్తరు, అంచులకు పైపింగు, ముందున్న మీటకు సరిగ్గా సరిపోయే కాజా. ఆ కాజా కోసం మూడుసార్లు విప్పి కుట్టింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేది. కాకిపిల్ల కాకికి ముద్దు అని తండ్రి నవ్వేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కంప్యూటరు ఈమధ్య ఆట మధ్యలో ఠపీమని ఆగిపోతోంది. తల్లి బయటికి వెళ్లిన రోజుల్లో మాత్రం బాగానే నడుస్తోంది. ఇప్పటికే రెండు పోటీల్లో పిల్ల ఆట మధ్యలోంచి మాయమైపోయింది. ఇవాళ పదింటి ఆటలో కూడా ఆగిపోతే వేరే అమ్మాయిని తీసుకుంటామని జట్టు నాయకురాలు నిన్ననే చెప్పేసింది. ఏడాదిగా కష్టపడి సంపాదించుకున్న చోటు అది.

పదింటికి ఆట మొదలైంది. తెర మూలన ప్రాసెసర్ వేడిని చూపించే అంకె ఎనభై దాటింది. ఫ్యాను గుర్రుమని అరుస్తోంది. తొంభై. తొంభై ఐదు. కూతురు ఒకసారి తొడుగు వైపు, ఒకసారి తల్లి వైపు చూసింది. చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. తొంభై తొమ్మిది కనిపించింది. ఆ వెంటనే తెర నల్లబడింది.

రెండు నిమిషాల్లో ఫోను మోగింది. కూతురు "సరే అక్కా... సరే..." అంటూ విని పెట్టేసింది. కళ్ల నిండా నీళ్లు.

"ఏమంది?" అంది తల్లి.

"ఐదింటికి ఇంకో ఆటుంది. పోన్లే అని అదొక్కటీ ఆడనిస్తానంది, అదే ఆఖరి అవకాశం. అది కూడా ఆగిపోతే నన్ను తీసేస్తారు."

ఓదార్చాల్సిన సమయమే. కానీ పొద్దుటి ముల్లు తల్లి గుండెలో ఇంకా గుచ్చుతోంది.

"పొద్దస్తమానం అది కుయ్యోమొర్రో అంటున్నా వదలకుండా ఆడితే ఆగిపోక ఏం చేస్తుంది? పైగా నేనేదో అడ్డమైనట్టు బయటికి పంపాలని చూస్తావు. నేను లేనప్పుడు బాగానే నడుస్తుందట, నేనుంటేనే దానికి రోగమట! నా కళ్లే అంత చెడ్డవా?"

"నేను అలా అన్నానా అమ్మా?"

"అనక్కర్లేదు. మూడుసార్లు అడిగావుగా, వెళ్లవా వెళ్లవా అని."

కూతురు ముఖం తెర వైపు తిప్పేసుకుంది. అది తల్లిని ఇంకా మండించింది.

తండ్రి పేపరు మడిచి లేచాడు. సీపీయూ దగ్గర కూర్చుని తొడుగు మీద చెయ్యి పెట్టి, కాలినట్టు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇది కప్పి ఉంచే ఆడుతున్నావా? వాడేటప్పుడు తీస్తావనుకున్నాను. బస్సు రేడియేటరుకు గోనెసంచి కట్టి ఘాటురోడ్డు ఎక్కమన్నట్టుందే! వెనక గాలి బయటికి పోయే దారంతా మూసుకుపోయింది. లోపల వేడి లోపలే ఉంటే ఏ ఇంజనైనా ఆగిపోదూ?"

తల్లికి ఒక్కొక్కటీ అర్థమవసాగింది. తను బట్టలివ్వడానికి వెళ్లిన రోజుల్లో అది ఎందుకు ఆగలేదో తెలిసింది. తను తిరిగొచ్చేసరికి తొడుగు కాస్త వంకరగా ఎందుకు ఉండేదో కూడా తెలిసింది.

"నీకు తెలుసు కదూ?" అంది మెల్లగా. "నేను లేనప్పుడు తీసి, వచ్చేముందు మళ్లీ తొడిగేదానివి."

కూతురు తల దించుకుంది.

"చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్పనమ్మా? ఆ మధ్య పక్కింటావిడ జాకెట్టు మెడ కొంచెం లోతైందంటే రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు నువ్వు. ఇదేమో నాకోసం కుట్టావు. అందరికీ చూపించుకుంటున్నావు. నీ ముందు విప్పి పక్కన పడేయడానికి చేతులు రాలేదు."

"దానికోసం జట్టులో చోటు పోగొట్టుకుంటావా?"

"ప్రతిసారీ ఈ ఒక్క ఆట గట్టెక్కితే చాలనుకునేదాన్ని."

తల్లి కళ్లు జలజలా వర్షించాయి. ఇన్నాళ్లూ తన పని మీద ఒక్క వంకా రాలేదని మురిసిపోయింది. వంక పెడితే తట్టుకోలేదని ఇంట్లో పిల్లే నోరు నొక్కుకుని బతుకుతోందని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా పిల్ల మీద జాలేసింది.

తండ్రి తొడుగు తీసి, పెట్టె పక్క పలక విప్పాడు. ఫ్యాను రెక్కల మీద, దాని కింది లోహపు రేకుల మధ్య రంగురంగుల దారపు నూగు దళసరిగా పేరుకుని ఉంది. తొడుగు దుమ్మును ఆపిందో లేదో గానీ కుట్టుమిషను నూగును మాత్రం ఆపలేదు. మిషను తుడిచే చిన్న కుంచె తల్లే తెచ్చిచ్చింది. ముగ్గురూ నేల మీద కూర్చుని, కరెంటు తీగ ఊడదీసిన పెట్టెను గంటసేపు శుభ్రం చేశారు. తర్వాత దాన్ని ఎత్తు బల్ల మీదికి, మిషనుకు దూరంగా మార్చారు.

సాయంత్రం ఆట నలభై నిమిషాలు నడిచింది. అంకె డెబ్భై ఎనిమిది దగ్గరే తచ్చాడింది. జట్టు ఓడిపోయింది గానీ పిల్ల చివరిదాకా నిలబడింది. "వచ్చేవారం కూడా నువ్వే" అని నాయకురాలు చెప్పడం హెడ్‌ఫోన్ల లోంచి తల్లికీ వినిపించింది.

ఆమె పని ఆపి కూతురి పక్కన స్టూలు వేసుకుంది.

"నేను కుట్టినవాటిలో ఇంకా ఏమేం తప్పులున్నాయో చెప్పు."

"ఏమీ లేవమ్మా."

"ఒట్టు. ఇవాళ అన్నం తింటాను."

కూతురు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా చెయ్యి పైకెత్తింది.

"ఈ చొక్కా చంకల దగ్గర బిగుతమ్మా. రెండేళ్లనుంచీ."

తల్లి ఒక్క క్షణం బిత్తరపోయింది. మరుక్షణం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

"లే, నిలబడు" అంది మెడలోని టేపు తీస్తూ. "చెయ్యి ఇంకా పైకెత్తు. ఎక్కడ పడుతోందో సరిగ్గా చెప్పు."