పదిహేడో నంబరు సగటు

నాలుగు నెలలుగా ఏజెంట్ సుందర్‌రాజు పాశమైలారం దగ్గర ఒక విత్తనాల కంపెనీ చేలల్లో కూలీ వేషంలో జొన్న కంకులు లెక్కపెడుతున్నాడు. కరువుకు నిలవని హైబ్రిడ్‌ను రాష్ట్రమంతా నాటించి, పంట పోయాక తమ విత్తనం అమ్ముకోవాలని ఒక విదేశీ ముఠా పథకం. చొక్కా గుండీలోని కెమెరాతో ప్రతి ఫైలూ ఫోటో తీశాడు. ఎక్కడా ఒక్క అంకె కూడా దిద్దినట్టు లేదు.

ఇవాళ పదకొండుకి ఆ హైబ్రిడ్, పదిహేడో నంబరు, విడుదలకు కమిటీ సంతకం. పది నలభైకి కంపెనీ ఆఫీసు కారిడార్‌లో క్లారా ఎదురైంది. కంపెనీ స్టాటిస్టీషియన్. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ముఠా మనిషని అతని అనుమానం.

"లక్డారంల వాన పడ్డదా?" అందామె మెల్లగా.

అది అతని ఏజెన్సీ హెడ్డాఫీసు కోడ్‌వర్డ్.

"ఇంద్రేశంల పడ్డది," అన్నాడు. ఈమె మన మనిషేనని ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు. ఒళ్లు మండిపోయింది.

"ముఠా నన్ను తమ మనిషే అనుకుంటున్నది. అంకెలు నిజమే. మోసం పద్ధతిల ఉన్నది. ఆరు ఊర్ల దిగుబడి కలిపి సగటు తీస్తే పదిహేడో నంబరే ఫస్టు. ఊరూరిది విడిగా పెట్టి రిగ్రెషన్ గీత గీస్తే తెలుస్తది, నీళ్లున్న కాడ దుంకుతది, నీళ్లు లేని చెల్కల కూలుతది. అయిదో నంబరు అంతట నిలబడ్తది. ఆ స్లైడు డైరెక్టర్ కళ్యాణ్ తీసేయించిండు." ఆ స్లైడున్న పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టింది.

అతను తన చీఫ్ నాగవల్లికి ఫోన్ చేశాడు.

"ఏ అంకె మార్చారు?" అందామె.

"అంకెలేం మార్చలే మేడమ్. లెక్క కట్టే పద్ధతి మార్చిన్రు."

"పద్ధతిని అరెస్ట్ చెయ్యమంటావా? రుజువు తీసుకురా." లైన్ కట్టయింది.

పళ్లు కొరుక్కుంటూ ప్రొజెక్టర్ మెకానిక్ వేషంలో హాల్లోకి దూరాడు. కమిటీ ఛైర్మన్ పెన్ను మూత తీశాడు. కేబుల్ సర్దుతున్నట్టు వంగి లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?" కళ్యాణ్ లేచాడు.

తెరమీద గీతలు మెరిశాయి. పదిహేడో నంబరు గీత లక్డారం చెల్క దగ్గర నేలకు అంటుకుపోయింది. పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఆగింది.

"ఇది మాకెందుకు చూపించలేదు?" అన్నాడు ఛైర్మన్.

"కళ్యాణ్ సార్ వద్దన్నరు," అంది క్లారా.

కళ్యాణ్ తలుపు వైపు పరుగెత్తాడు. సుందర్‌రాజు కాలు అడ్డం పెట్టాడు. కిందపడ్డ కళ్యాణ్ ఫోన్‌లో ముఠా మెసేజ్‌లన్నీ ఉన్నాయి.

మధ్యాహ్నం సంచి కోసం చేనుకు వెళ్తే, నాలుగు నెలలూ అతని పక్క సాళ్లలో కలుపు తీసిన సత్తెమ్మ సంగతంతా విని నడుం ఎత్తింది.

"పదిహేడో నంబరా? చెల్కల రెండేండ్ల సంది ఎండుతనే ఉంది గద బిడ్డా. నన్నడిగితే మొదటిరోజే చెప్తుంటి."

సుందర్‌రాజు రిపోర్టులో ఆ మాట ఒక్కటే రాయలేదు.